గృహవీడియోలో ‘మాయాబజార్’: పాఠనిర్ణయ సమస్య

తెలుగు సాహిత్య పరిశోధనలో పాఠనిర్ణయం కొత్త విషయం కాదు. తాళపత్రం నుంచి అచ్చుకు వచ్చిన ప్రతి కావ్యం విషయంలోనూ కొన్ని ప్రశ్నలు వేయడం పండితులకు అలవాటు. ఏ ప్రతిని ఆధారంగా తీసుకున్నారు, ఏ పద్యాన్ని ప్రక్షిప్తంగా తొలగించారు, లుప్తభాగాన్ని ఎట్లా పూరించారు అని అడగకుండా ఏ పరిష్కరణనూ అంగీకరించరు. చలనచిత్రం విషయంలో మాత్రం ఈ ప్రశ్నలు దాదాపు వినిపించవు. సినిమా మీద వ్యాసం రాసేవారు సంభాషణను ఉదాహరిస్తారు, దృశ్యాన్ని వర్ణిస్తారు. తాము చూసింది థియేటర్ ప్రింటా, టెలివిజన్ ప్రసారమా, వీడియో డిస్కా అన్నది చెప్పరు. ఒక చిత్రానికి ఒకే పాఠం ఉంటుందన్న నమ్మకం దీనికి మూలం. గృహవీడియో చరిత్ర ఆ నమ్మకాన్ని నిలవనీయదు. పాతచిత్రం క్యాసెట్టుగానో డిస్కుగానో ఇంటికి చేరిన ప్రతిసారీ ఒక కొత్త ప్రతి పుడుతుంది. దానిని పరిష్కరణగా గుర్తించి, పరిష్కరణకు వర్తించే ప్రమాణాలతోనే పరీక్షించాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. అనంతపురం జిల్లా తాడిపత్రిలో పుట్టిన దర్శకుడు కె.వి. రెడ్డి తీసిన ‘మాయాబజార్’ ఇందుకు ప్రధానోదాహరణ.

తాడిపత్రి నేపథ్యం

కదిరి వెంకటరెడ్డి 1912 జులై 1న తాడిపత్రిలో జన్మించారు. పెన్న ఒడ్డున ఉన్న ఈ ఊరు వర్షాభావానికి పేరుపడిన పీఠభూమిలో భాగం. దేశంలో అతి తక్కువ వర్షపాతం గల జిల్లాల్లో అనంతపురం ఒకటి. పంటకు కరువైన ఈ నేల రంగస్థలానికి, సినిమాకు మాత్రం కరువు కాలేదు. పద్యాన్ని రాగాలాపన కోసం సాగదీయకుండా భావస్ఫూర్తితో పలకాలని పట్టుబట్టిన బళ్ళారి రాఘవ 1880లో తాడిపత్రిలోనే పుట్టారు. వాహిని సంస్థకు ఆర్థికంగా అండగా నిలిచిన మూలా నారాయణస్వామిది కూడా తాడిపత్రే. పొరుగున ఉన్న కడప జిల్లా నుంచి బి.ఎన్. రెడ్డి, బి. నాగిరెడ్డి సోదరులు మద్రాసు చేరారు. దత్తమండలాల నుంచి వెళ్ళిన వీరందరి కృషి కలిసి వాహిని, విజయా సంస్థల చరిత్ర అయింది.

మద్రాసులో భౌతికశాస్త్రం చదివిన కె.వి. రెడ్డి వాహినిలో నిర్మాణ వ్యవహారాలు చూస్తూ దర్శకత్వానికి వచ్చారు. ‘భక్త పోతన’ ఆయన తొలిచిత్రం. తరువాత ‘యోగి వేమన’ (1947), ‘గుణసుందరి కథ’ (1949), ‘పాతాళభైరవి’ (1951), ‘పెద్దమనుషులు’ (1954), ‘దొంగరాముడు’ (1955), ‘మాయాబజార్’ (1957), ‘జగదేకవీరుని కథ’ (1961) వచ్చాయి. ఆయన పనితీరులో ఒక అంశం ప్రస్తుత చర్చకు చాలా ముఖ్యమైనది. చిత్రీకరణకు ముందే ప్రతి దృశ్యాన్నీ నటుల చేత అభ్యాసం చేయించి, దానికి పట్టే కాలాన్ని స్టాప్‌వాచ్‌తో కొలిచి, మొత్తం చిత్రం ఎంత నిడివి ఉండాలో నిర్ణయించుకొనడం ఆయన పద్ధతి. ఇతర దర్శకులకు నిడివి కూర్పు దశలో తేలే విషయం. కె.వి. రెడ్డికి అది రచనలోనే భాగం. అందువల్ల ఆయన చిత్రం నుంచి కొన్ని నిమిషాలు తీసివేయడం ఛందోబద్ధమైన పద్యంలో ఒక గణాన్ని ఎగరగొట్టడం వంటిదే.

మర్మకథగా ‘మాయాబజార్’

మర్మచిత్రం అనగానే హత్య, అపరాధ పరిశోధకుడు, చివరి రీలులో దొరికే దోషి గుర్తుకు వస్తారు. ఆ అర్థంలో ‘మాయాబజార్’ మర్మచిత్రం కాదు. అయితే మర్మకథ నిర్మాణానికి అవసరమైన అంగాలు మూడు. దాచబడిన నిజం ఒకటి, దారిలో చల్లిన ఆనవాళ్ళు రెండవది, ఆ ఆనవాళ్ళను సార్థకం చేసే వెల్లడి మూడవది. ఈ మూడూ ‘మాయాబజార్’లో కట్టుదిట్టంగా ఉన్నాయి. జానపద, పౌరాణిక వస్తువుల్లో మర్మనిర్మాణాన్ని ఇమడ్చడం పింగళి నాగేంద్రరావు రచనకు, కె.వి. రెడ్డి దర్శకత్వానికి ఉమ్మడి లక్షణం.

ఇందులో దాచబడిన నిజం శకుని ఉద్దేశం. శశిరేఖను లక్ష్మణకుమారునికి అడగడం వెనుక వియ్యం కన్నా రాబోయే యుద్ధంలో యాదవుల బలాన్ని కౌరవపక్షానికి తిప్పుకొనే ఆలోచన ఉంది. బలరామునికి ఇది తెలియదు. కథ తొలిభాగంలోనే ప్రియదర్శిని పేటిక వస్తుంది. తెరిచి చూసినవారికి తమ మనసులో ఉన్నవారు కనిపించడం దాని మహిమ. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు, బలరామునికి దుర్యోధనుడు కనిపిస్తాడు. కృష్ణునికి మాత్రం శకుని కనిపిస్తాడు. మొదటిసారి చూసేవారు దీనిని చమత్కారంగా తీసుకొని నవ్వి ఊరుకుంటారు. కథాంతంలో శకుని సత్యపీఠం ఎక్కి, తన పన్నాగాన్ని తన నోటితోనే బయటపెట్టినప్పుడు పేటికలోని ఆ బొమ్మ ఎందుకు కనిపించిందో తెలుస్తుంది. కృష్ణుడు మొదటి నుంచీ ఎవరి మీద కన్నువేసి ఉన్నాడో ప్రేక్షకునికి ముందే చెప్పారు. ప్రేక్షకుడు దానిని ఆనవాలుగా గుర్తించలేదు. ప్రియదర్శిని ప్రశ్న అయితే సత్యపీఠం జవాబు.

మధ్యలో ఘటోత్కచుడు శశిరేఖగా మారి పెళ్ళివారి మధ్య తిరగడం మర్మాన్ని తలకిందులు చేసిన నిర్మాణం. అక్కడ నిజం ప్రేక్షకునికి తెలుసు, పాత్రలకు తెలియదు. ఒకవైపు ప్రేక్షకుని కన్నా కృష్ణునికి ఎక్కువ తెలుసు, మరొకవైపు కౌరవుల కన్నా ప్రేక్షకునికి ఎక్కువ తెలుసు. ఈ రెండు జ్ఞానభేదాల మధ్య కథ నడుస్తుంది. ఇటువంటి నిర్మాణంలో ఏ దృశ్యమూ అలంకారప్రాయం కాదు. ప్రియదర్శిని ఘట్టం కుదించుకుపోయిన ప్రతిలో సత్యపీఠం హాస్యఘట్టంగా మిగులుతుంది. వీడియో ప్రతిలో ఏది ఉన్నది, ఏది లేదు అన్న ప్రశ్న ఇక్కడ నేరుగా అర్థనిర్ణయాన్ని తాకుతుంది.

ఇంటికి వచ్చిన ప్రతులు

1980ల తొలినాళ్ళలో వీసీఆర్ తెలుగు ప్రాంతాలకు వచ్చింది. కొనగలిగినవారు కొద్దిమందే. రంగుల టీవీని, వీసీఆర్‌ను కలిపి ఒక రాత్రికి అద్దెకు తెచ్చి, పెళ్ళిళ్ళకు, జాతరలకు వరుసగా రెండు మూడు సినిమాలు చూడడం పల్లెల్లో ఆనవాయితీ అయింది. గల్ఫ్ దేశాలకు వలసవెళ్ళినవారు తెచ్చిన యంత్రాలు కూడా ఇందుకు తోడ్పడ్డాయి. క్యాసెట్ల చౌర్యం ఎంత పెరిగిందంటే 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించవలసి వచ్చింది. ఆ సవరణ ప్రకారం వీడియో ప్రతి మీద సెన్సారు ధ్రువపత్రం నకలు, తయారుచేసినవారి పేరు, చిరునామా, హక్కుదారు అనుమతి పొందినట్లు ప్రకటన కనిపించాలి. పాఠపరిశోధకునికి ఈ నిబంధన విలువ ఎక్కువ. వ్రాతప్రతి చివర లేఖకుడు తన పేరు, ఊరు, తిథి రాసుకొనే పుష్పికకు చట్టం కల్పించిన ప్రతిరూపమది.

1990ల ద్వితీయార్ధంలో వీసీడీ వచ్చింది. ఒక్కొక్క డిస్కులో సుమారు 74 నిమిషాల చిత్రం పడుతుంది. 184 నిమిషాల ‘మాయాబజార్’ సంపూర్ణంగా రావాలంటే 3 డిస్కులు కావాలి. 2 డిస్కుల్లో ఇమిడించిన ప్రతిలో కనీసం అరగంటకు పైగా చిత్రం లోపించినట్లే. ఇక్కడ కూర్పు సూత్రం కథది కాదు, పళ్ళేనిది. ఆశ్వాస విభజన కవి చేయవలసినది. ఈ విభజనను డిస్కు కొలత చేసింది. తాళపత్రం పొడవును బట్టి పద్యాన్ని తెంచే లేఖకుడు ఉండడు. వీసీడీ తయారీలో అటువంటిదే జరిగింది.

వీసీడీ బొమ్మలో అడ్డంగా 352, నిలువుగా 288 బిందువులు ఉంటాయి. డీవీడీలో అవి 720, 576. అంటే డీవీడీ బొమ్మలో సుమారు నాలుగు రెట్ల వివరం ఎక్కువ. ఈ తేడా ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే పనిని అంచనా వేసేటప్పుడు బయటపడుతుంది. నౌకావిహార గీతంలో ఆయన సృష్టించిన వెన్నెల తెలుగు సినిమాకు మారుపేరుగా నిలిచింది. ఆ వెన్నెల నలుపు తెలుపుల మధ్యగల సన్నని ఛాయాభేదాల మీద ఆధారపడింది. వీసీడీ సంపీడనంలో ఆ ఛాయలు కలిసిపోయి నీటిమీద గళ్ళుగళ్ళుగా విరిగిపోతాయి. ఆ ప్రతిని చూసి బార్ట్‌లే వెన్నెల గురించి రాయడం చెదలు తిన్న ప్రతిని చూసి కవి యతిభంగం చేశాడని నిర్ణయించడం వంటిది.

2007లో మోజర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మకానికి పెట్టడంతో గృహవీడియో ధరలు ఒక్కసారిగా పడిపోయాయి. సినిమా డిస్కు దినపత్రికలు, బిస్కెట్లు అమ్మే దుకాణంలో దొరికే వస్తువైంది. సామాన్యుని చేతికి పాతచిత్రాలు చేరడం నిస్సందేహంగా మేలు. చౌకప్రతుల తయారీలో మూలప్రతిని వెదికి శుభ్రపరచే ఖర్చుకు చోటు తక్కువన్నది దానికి మరోముఖం. గుజిలీప్రతులు కావ్యాలను ఊరూరికీ చేర్చాయి, అచ్చుతప్పులనూ వాటి వెంటే చేర్చాయి. డిస్కుల చరిత్ర అదే దారిలో నడిచింది.

గృహవీడియో పరిశోధనకు చేసిన ఉపకారాన్ని కూడా గుర్తించాలి. థియేటర్లో చిత్రం ప్రవాహం, ఇంట్లో అది గ్రంథం. ఆపవచ్చు, వెనక్కు తిప్పవచ్చు, ఒక దృశ్యం పక్కన మరొక దృశ్యాన్ని పెట్టి చూడవచ్చు. ప్రియదర్శినికి, సత్యపీఠానికి ఉన్న సంబంధాన్ని పుటలు తిప్పినట్లు తిప్పి నిరూపించే వీలు ఈ సాధనం వల్లనే కలిగింది. ఇంత సూక్ష్మపఠనానికి వీలిచ్చే సాధనం చేతికి ఇచ్చిన ప్రతి మాత్రం నమ్మదగినదిగా లేకపోవడమే అసలు చిక్కు.

నిడివి సాక్ష్యం

ప్రతిలో లోపం ఉన్నదా లేదా అని తేల్చడానికి పరిశోధకులు సాధారణంగా డిస్కు అట్టమీద ముద్రించిన నిమిషాల సంఖ్యను చూస్తారు. అది ఒక్కటే చాలదు. 35 మిల్లీమీటర్ల చిత్రం థియేటర్లో సెకనుకు 24 చట్రాల వేగంతో నడుస్తుంది. భారతదేశపు టెలివిజన్ ప్రమాణం సెకనుకు 25 చట్రాలు. చిత్రాన్ని చట్రానికి చట్రంగా ఈ ప్రమాణంలోకి మార్చినప్పుడు వేగం సుమారు 4 శాతం పెరుగుతుంది. ఒక్క చట్రం కూడా పోకుండానే 184 నిమిషాల చిత్రం 177 నిమిషాల లోపు ముగుస్తుంది. ఏడు నిమిషాలు తగ్గింది కనుక ఒక పాట తీసేశారని తీర్మానించడం పొరపాటవుతుంది. శ్రుతిని సరిచేయకపోతే ఇదే మార్పు వల్ల ఘంటసాల కంఠం మూలంకన్నా అర్ధస్వరానికి కొంచెం తక్కువగా హెచ్చుతుంది. సినీసంగీతంలో రాగ, శ్రుతి విచారణ చేసేవారు ఈ విషయం గమనించకుండా డిస్కు మీద ఆధారపడడం ప్రమాదకరం.

సరైన సాక్ష్యం అడుగుల లెక్కలో దొరుకుతుంది. 35 మిల్లీమీటర్ల చిత్రం నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. సెన్సారు ధ్రువపత్రంలో చిత్రం పొడవు, రీళ్ళ సంఖ్య నమోదై ఉంటాయి. ఆ పొడవును 90తో భాగిస్తే మూలం నిడివి తెలుస్తుంది. 184 నిమిషాలంటే 16,560 అడుగులు. డిస్కు మొదట్లో నిమిషమాత్రం మెరిసి మాయమయ్యే ధ్రువపత్రాన్ని ఆపి చదివితే ఆ ప్రతి వంశవృక్షానికి తొలి ఆధారం చేతికి వస్తుంది. ఆ పత్రం తేదీ చిత్రం విడుదల నాటిదా, పునర్విడుదల నాటిదా అన్నది రెండవ ఆధారం.

బొమ్మ చట్రం మూడవ ఆధారం. ఆనాటి చిత్రాల వెడల్పు ఎత్తుల నిష్పత్తి 4:3. నేటి టీవీ తెర 16:9. పక్కల నల్లపట్టీలు ఉంచకుండా తెర నిండేలా చేయాలంటే రెండే మార్గాలు. బొమ్మను అడ్డంగా సాగదీయాలి, లేదా పైనా కిందా కోయాలి. కోస్తే బొమ్మలో నాలుగో వంతు పోతుంది. ఎస్.వి. రంగారావు నిలువెత్తు ఆకారానికి తగినట్లు కూర్చిన చట్రంలో కిరీటమో పాదాలో పోవడం అంటే పాత్ర ప్రమాణమే పోవడం.

వీటికి తోడు బయటి సాక్ష్యాలు ఉన్నాయి. థియేటర్ల వద్ద అమ్మిన పాటల పుస్తకాలలో కథాసంగ్రహం, పాటలు, పద్యాలు అచ్చయ్యేవి. గ్రామఫోను రికార్డులు మరొక సాక్ష్యం. 78 వేగపు రికార్డులో ఒక్కొక్క పక్కకు సుమారు మూడు నిమిషాలే పట్టేవి కనుక రికార్డు పాటకు, చిత్రంలోని పాటకు తేడా ఉండవచ్చు. ‘మాయాబజార్’ తమిళంలో కూడా అదే సంవత్సరం వచ్చింది. అక్కడ అభిమన్యునిగా జెమినీ గణేశన్ నటించారు. కావ్యపరిష్కర్త సంస్కృతమూలాన్నో అనువాదాన్నో సరిచూసినట్లు ఈ జంటప్రతిని కూడా సరిచూడవచ్చు.

రంగుల ప్రతి

2010 జనవరి 30న ‘మాయాబజార్’ రంగుల్లో విడుదలైంది. హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ ఈ పని చేసింది. ఒకే మార్గపు ధ్వనిని బహుమార్గ ధ్వనిగా మార్చింది. నలుపు తెలుపు చిత్రాలను థియేటర్లో చూడని తరాన్ని ఆ ప్రయత్నం ఆకర్షించింది. శ్రమను, సాహసాన్ని మెచ్చుకొంటూనే పాఠదృష్టితో ఒక మాట చెప్పక తప్పదు. అది మూలానికి పునరుద్ధరణ కాదు, వ్యాఖ్యానం. మాధవపెద్ది గోఖలే, కళాధర్ రూపొందించిన రంగాలంకరణ, నటుల దుస్తులు, ముఖాలంకరణ నలుపు తెలుపు ఫిల్మ్ మీద ఏ ఛాయలో పడతాయో ఎరిగి చేసినవి. వాటికి తరువాత పూసిన రంగు పరిష్కర్త ఊహ. మూలంలోని కొన్ని దృశ్యాలు కూడా ఆ ప్రతిలో చేరలేదు. ఆ ప్రతిని ‘2010 రంగుల పాఠం’ అని పేర్కొంటే దానికి తగిన గౌరవం దక్కుతుంది. దానినే ‘మాయాబజార్’ అని చూపితే మూలానికి అన్యాయం జరుగుతుంది.

డిస్కుల మీది ఉపశీర్షికలు మరొక రకం వ్యాఖ్యానం. అస్మదీయులు, తస్మదీయులు, గింబళి, గిల్పం వంటి పింగళి మాటలు భాష పుట్టుక మీద విసిరిన చమత్కారాలు. ‘తస్మదీయులు’ అన్న మాటకు ‘శత్రువులు’ అని అర్థం రాస్తే సమాచారం అందుతుంది, సంస్కృత వ్యాకరణాన్ని రాక్షసుడు తన అవసరానికి వంచుకొన్న హాస్యం అందదు. ‘గింబళి’ వద్ద అనువాదకునికి దిక్కు తోచదు. విదేశాల్లో పెరిగిన తెలుగుపిల్లలకు ఈ ఉపశీర్షికలే టీకాతాత్పర్యాలు. వాటిని సిద్ధం చేయడం భాషాశాఖల పనిగా ఇంతవరకూ ఎవరూ భావించకపోవడం విచారకరం.

వేమన నేర్పిన పాఠం

అనంతపురం సీమలో ఈ చర్చకు పూర్వరంగం ఉంది. కె.వి. రెడ్డి 1947లో ఎవరి జీవితాన్ని తెరకెక్కించారో ఆ వేమన సమాధి కదిరి ప్రాంతపు కటారుపల్లెలో ఉందని ప్రసిద్ధి. వేమన పద్యాలను సి.పి. బ్రౌన్ 1829లో అచ్చువేసినప్పుడు వాటి సంఖ్య 693. పదేళ్ళ తరువాత, 1839లో, అది 1,164. మధ్యలో వేమన కొత్తగా పద్యాలు చెప్పలేదు. బ్రౌన్ మరిన్ని ప్రతులు సంపాదించి, పండితుల చేత సరిచూపించాడు. అనంతపురం జిల్లావాడే అయిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వేమన మీద ఉపన్యసించినప్పుడు కూడా ఆ పేరుతో ప్రచారంలో ఉన్న పద్యాలన్నిటినీ ఒకే గాటన కట్టడం సాధ్యంకాని స్థితి. మౌఖికంగా జనం నోట నలిగిన పద్యాల విషయంలోనే ఇంత జాగ్రత్త అవసరమైనప్పుడు, కర్త స్వయంగా కాలం కొలిచి కూర్చిన చిత్రం విషయంలో అజాగ్రత్తకు సమర్థన లేదు.

బ్రౌన్‌కు రెండవ అవకాశం దొరికింది. తాటాకులు శతాబ్దాలు నిలిచాయి. ఫిల్మ్‌కు అంత ఆయువు లేదు. తెలుగు టాకీలకు ఆద్యమైన ‘భక్త ప్రహ్లాద’ (1932) ప్రతి నేడు లభ్యం కాదు. 2003లో పుణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో ఎన్నో నైట్రేట్ ఫిల్మ్‌లు బూడిదయ్యాయి. తరువాతి కాలపు అసిటేట్ ఫిల్మ్‌ను వేడి, తేమ కలిసి తినివేస్తాయి. పొడినేల నుంచి వెళ్ళిన దర్శకుని చిత్రాలు సముద్రతీరపు ఉక్కలో నిల్వ ఉండవలసి రావడం చరిత్ర చేసిన విచిత్రం. 1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకం నిర్ణీత గ్రంథాలయాలకు చేరాలి. వీడియో డిస్కుకు అటువంటి నియమం లేదు. అందుచేత చలామణి నుంచి తొలగిన వీసీడీ ప్రతిని పరిశోధకుడు ఏ గ్రంథాలయంలోనూ ఖాయంగా చూడగలనని అనుకోవడానికి లేదు.

ఇంకొక అంశం అనుకూలమైనది. భారత చట్టం ప్రకారం చలనచిత్రానికి కాపీరైటు విడుదల సంవత్సరం తరువాత 60 ఏళ్ళు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’కు ఆ గడువు 2017 చివరికి ముగిసింది. రచనకు, సంగీతానికి హక్కులు వేరుగా, కర్త మరణానంతరం 60 ఏళ్ళు లెక్కకు వస్తాయి కనుక ప్రచురణలో జాగ్రత్త అవసరం. ప్రతులను సేకరించి, పోల్చి, తేడాలను పట్టికగా నమోదు చేసే అధ్యయనానికి అది అడ్డు కాదు. 2024లో అక్కినేని శతజయంతికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ తదితర సంస్థలు జరిపిన ప్రదర్శనల్లో ‘మాయాబజార్’ మళ్ళీ తెరకు వచ్చింది. పాతచిత్రాల మీద ఆసక్తి ఉన్నదనడానికి ఇది నిదర్శనం. ఆ ఆసక్తికి పాఠవివేకాన్ని జోడించడం విశ్వవిద్యాలయాల బాధ్యత.

ఈ పనికి పెద్ద ధనం అక్కరలేదు. మొదటి మెట్టుగా, చిత్రాన్ని ఉదాహరించే ప్రతి పరిశోధనవ్యాసమూ తాను చూసిన ప్రతిని పేర్కొనాలి: మాధ్యమం, తయారుచేసినవారు, ధ్రువపత్రం తేదీ, నడక వేగం, నిడివి. రెండవ మెట్టుగా, కె.వి. రెడ్డి చిత్రాల క్యాసెట్లు, డిస్కులు, పాటల పుస్తకాలు, రికార్డులు ఇళ్ళలో మిగిలినవి సేకరించి ఒకచోట భద్రపరచాలి. ఆయన పుట్టిన జిల్లాలోనే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉన్నది కనుక అటువంటి సేకరణకు అది సహజమైన చోటు. మూడవ మెట్టుగా, ఒక్క ‘మాయాబజార్’కైనా దృశ్యక్రమంలో పాఠాంతరాల పట్టిక సిద్ధం కావాలి. ప్రియదర్శిని ఘట్టం ఏ ప్రతిలో ఎంత ఉన్నది, సత్యపీఠం ఘట్టం ఏ ప్రతిలో ఎంత మిగిలింది అన్నది ఆ పట్టికలో మొదట నింపవలసిన వరుసలు.